లాస్ పల్మాస్‌లో ఒక్క పూటే ఉంటే త్రియానా వీధికి వెళ్లడం దండగా?

క్రూజ్ ఓడ స్పెయిన్ వాళ్ల కనారీ దీవుల్లో ఒకటైన గ్రాన్ కనారియాలో, లాస్ పల్మాస్ ఊరి రేవులో ఒక పగలు ఆగుతుందనీ, అమ్మగారు శాకాహారి, ఎక్కువ నడవలేరనీ, త్రియానాలో బ్రాండ్ షాపులు తప్ప ఏమీ లేవని ఎవరో చెప్పారనీ రాశారు. దండగ కాదండీ. నన్నడిగితే ఆ ఊళ్లో ఉన్న కొద్ది గంటలూ అక్కడే గడపమంటాను.

నేను విశాఖవాణ్ణి, సరుకు ఓడల్లో ఇంజినీరుగా పనిచేస్తాను. మా ఓడ మరమ్మతు కోసం లాస్ పల్మాస్ రేవులో ఉన్నప్పుడు డ్యూటీ లేని పూటలన్నీ త్రియానాలోనే తిరిగాను. తోటివాళ్లు బీచ్‌కి వెళ్లేవారు. బీచ్ మంచిదే, కానీ నాకు ఈ వీధి మీద మనసు పడింది. కారణం చెబుతాను. ఇప్పుడు అక్కడ నిలబడితే సముద్రం కనిపించదు. కానీ త్రియానా మొదటి నుంచీ ఓడల వల్ల బతికిన వీధి. ఆ సంగతి తెలిసి నడిస్తే దుకాణాల వీధి కాస్తా వేరేగా కనిపిస్తుంది.

ఈ ఊరు 1478లో స్పెయిన్ సైన్యం వేసుకున్న దండు విడిదిగా మొదలైంది. గినిగ్వాదా అనే వాగుకి దక్షిణాన ఉన్న వెగేతాలో అధికారులు, మతాచార్యులు ఉండేవారు. ఉత్తరాన ఉన్న త్రియానా వర్తకులది, నావికులది. సెవిల్ నగరంలో నావికులుండే పేట పేరే దీనికీ పెట్టారు. 1852లో కనారీ దీవుల్ని సుంకాల్లేని రేవులుగా ప్రకటించారు. 1883లో ఇప్పటి పెద్ద ఓడరేవు పనులు మొదలయ్యాయి. ఆఫ్రికాకీ దక్షిణ అమెరికాకీ వెళ్లే ఆవిరి ఓడలు బొగ్గు కోసం ఇక్కడ ఆగేవి. వాటితోపాటు ఇంగ్లిష్ కంపెనీలు వచ్చాయి. 19వ శతాబ్దం చివర్లో మన సింధీ వ్యాపారులూ వచ్చి స్థిరపడ్డారు. ఈ దీవుల్లో ఇప్పటికీ సింధీ కుటుంబాలున్నాయి. త్రియానా పక్కనే మాల్తా వర్తకుల పేరున్న మల్తేసెస్ వీధి కూడా ఉంది.

అలా వచ్చిన డబ్బుతోనే 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడి మేడలు లేచాయి. అందుకే నా మొదటి సలహా: షాపు అద్దాల దగ్గరే ఆగిపోకుండా తల పైకెత్తండి. కింది అంతస్తులో ఏ ఊళ్లోనైనా కనిపించే బట్టల షాపే ఉండొచ్చు. దాని పైన రాతిలో చెక్కిన పూలతీగలు, వంపు తిరిగిన ఇనుప పిట్టగోడలు, అద్దాలు బిగించిన చెక్క బాల్కనీలు ఉంటాయి. ఒక్క మేడలా ఇంకో మేడ ఉండదు. వీధిలోకి వాహనాలు రావు కాబట్టి నడి వీధిలో నిలబడి తీరిగ్గా చూడొచ్చు. అమ్మగారికి ఇది బాగా అనుకూలం. నేల చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలుంటాయి.

ఎటు నుంచి మొదలుపెట్టాలంటే, ఉత్తరాన సాన్ తెల్మో పార్కు నుంచి. సాన్ తెల్మో నావికులు మొక్కుకునే సాధువు. పార్కులో ఆయన పేరున చిన్న గుడి ఉంది, వెళ్లి చూడండి. ఒకప్పుడు ఈ పార్కు అంచునే సముద్రం, పడవలు ఆగే చిన్న రేవు ఉండేవి. 20వ శతాబ్దంలో సముద్రాన్ని పూడ్చి తీరం వెంట పెద్ద రోడ్డు వేశాక నీళ్లు దూరమయ్యాయి. పార్కులోనే రంగు పలకలు పొదిగిన పాత కియోస్కు ఒకటుంది. కాఫీ అక్కడ తాగండి. ‘లెచే ఇ లెచే’ అని అడిగితే మామూలు పాలు, తియ్యటి చిక్కటి పాలు రెండూ కలిపిన కాఫీ ఇస్తారు. మనవాళ్లకి తప్పకుండా నచ్చుతుంది.

అక్కడి నుంచి నేరుగా దక్షిణానికి నడుస్తూ, మధ్యలో కుడివైపు సందుల్లోకి తిరగాలి. త్రియానా అసలు రుచి ఆ సందుల్లోనే ఉంది. కానో వీధిలో బెనితో పెరెజ్ గాల్దోస్ పుట్టిన ఇల్లు మ్యూజియంగా ఉంది. ఆయన 1843లో ఇక్కడ పుట్టి, 1862లో చదువు కోసం మాడ్రిడ్ వెళ్లి, స్పెయిన్ చరిత్ర మీదే 46 నవలలు రాసినవాడు. స్పానిష్ రాకపోయినా ఆ ఇంట్లో చూడటానికి చాలా ఉంది. ఆయన వాడిన సామాను, చిత్రకారుడు సొరోయా 1894లో గీసిన ఆయన చిత్రం ఉన్నాయి. ఆ చిత్రం ఆధారంగానే తర్వాత 1000 పెసేతాల (స్పెయిన్ పాత డబ్బు) నోటు మీద ఆయన బొమ్మ వేశారు. లోపలి వాకిట్లో ఆయన రాతి విగ్రహం ఉంటుంది, విక్తోరియో మాచో చెక్కింది. దాన్ని మొదట సాన్ తెల్మో రేవు ఒడ్డున పెట్టారు. ఉప్పుగాలి రాయిని తినేసి ముఖం, చేతులు అరిగిపోతుంటే ఇక్కడికి తెచ్చారు. ఉప్పుగాలి ఇనుమునే ఎలా తింటుందో రోజూ చూసేవాణ్ణి. ఆ విగ్రహం ముందు చాలాసేపు ఉండిపోయాను. సోమవారం మ్యూజియం ఉండదు, మీ తేదీ చూసుకోండి.

ఇంకొంచెం ముందుకెళ్తే కైరాస్కో కూడలి వస్తుంది. అక్కడున్న అందమైన భవనం గబినేతే లితెరారియో, 1844లో మొదలైన సాహితీ సంఘానిది. ముందు బల్లలు వేసి ఉంటాయి. అమ్మగారిని నీడలో కూర్చోబెట్టి మీరు పక్కనున్న పెరెగ్రీనా వీధి చుట్టి రావచ్చు.

త్రియానా చివర వాగు ఒడ్డున పెరెజ్ గాల్దోస్ థియేటర్ ఉంది. దీని కథ నాకెంత ఇష్టమో చెప్పలేను. సముద్రానికి మరీ అంచున దీన్ని కడతామన్నప్పుడు కుర్రవాడిగా ఉన్న గాల్దోస్‌కి నచ్చలేదు. హాల్లోకి కెరటాలు, చేపలు వచ్చేసినట్టు బొమ్మలు గీసి వెక్కిరించాడు. థియేటర్ 1890లో తెరిచారు. తర్వాత ఆయన పేరే పెట్టారు. 1918లో అది కాలిపోయింది. 1928లో తిరిగి తెరిచినప్పుడు వాస్తుశిల్పి మిగెల్ మార్తిన్ కట్టగా, ఆయన అన్న, చిత్రకారుడు నెస్తోర్ లోపలి అలంకరణ చేశాడు. లోపలికి వెళ్లే వీలు దొరికితే వదలకండి.

వాగు ఇప్పుడు కనబడదు, దాని మీద రోడ్డు పడింది. ఆ రోడ్డు దాటితే వెగేతా. అక్కడ వీధులకి గుండ్రాళ్లు పరిచి ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. అందుకని అక్కడ రెండే రెండు చూడమంటాను. ఒకటి సాంత ఆనా కెథడ్రల్, దాని ముందు కూడలిలోని కుక్కల లోహ విగ్రహాలు. గోపురం పైకి లిఫ్ట్ ఉంది, పై నుంచి మీ ఓడ ఉన్న రేవు దాకా కనిపిస్తుంది. రెండోది ఆ వెనకాలే ఉన్న కొలంబస్ మ్యూజియం. 1492లో అమెరికా వైపు వెళ్తూ చుక్కాని పాడైన పింతా ఓడని బాగు చేయించుకోవడానికి కొలంబస్ ఈ ద్వీపంలో ఆగాడు. ఓడ మరమ్మతుకి ఈ రేవు ఎప్పటి నుంచో పేరు!

భోజనం గురించి. పాపాస్ అర్రుగాదాస్ అని ఉప్పునీళ్లలో తొక్కతోనే ఉడికించిన చిన్న బంగాళాదుంపలు ప్రతిచోటా దొరుకుతాయి, నంజుకోవడానికి మోహో అనే పచ్చడి ఇస్తారు. పచ్చ మోహో అచ్చం మన కొత్తిమీర పచ్చడిలా ఉంటుంది, వెల్లుల్లి కాస్త ఎక్కువ. అమ్మగారు దాంతో కడుపునిండా తినగలరు. కానీ కూరగాయల పులుసులా కనిపించేవాటిలో తరచూ పంది మాంసం వేస్తారు. గోఫియో అనే వేయించిన ధాన్యాల పిండితో చేసే జావకి చేపల రసం వాడతారు. ‘సిన్ కార్నే, సిన్ పెస్కాదో’, అంటే మాంసం, చేప లేకుండా, అని ముందే గట్టిగా చెప్పండి.

టైము విషయానికొస్తే, చాలా షాపులు పొద్దున పదింటికి తెరుస్తారు. చిన్నవి మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు మధ్య మూసి మళ్లీ ఐదింటికి గానీ తియ్యరు. ఆదివారం ఎక్కువ భాగం మూతే. కాబట్టి కొనుగోళ్లు పొద్దున్నే ముగించి, మ్యూజియంలు మధ్యాహ్నం పెట్టుకోండి. ఇక్కడి సాధారణ అమ్మకం పన్ను 7 శాతం, స్పెయిన్ ప్రధాన భూభాగంలో 21 శాతం. బ్రాండ్ వస్తువులు మీకు మన దగ్గరా దొరుకుతాయి కాబట్టి వాటి మీద టైము పోగొట్టుకోవద్దు. దొమింగో నవారో వీధిలో స్థానిక ప్రభుత్వ సంస్థ నడిపే చేతిపనుల దుకాణం ఉంది. దారాలు లాగి అల్లే కాలాదో గుడ్డలు, చక్రం లేకుండా చేత్తో చేసిన కుండలు, తింప్లే అనే ఐదు తీగల చిన్న గిటారు దొరుకుతాయి. పొదిగిన పిడితో చేసే కనారీ కత్తి కూడా బాగుంటుంది గానీ ఓడ ఎక్కేటప్పుడు సెక్యూరిటీ వాళ్లు తీసేసుకుంటారు, కొనకండి.

క్రూజ్ ఓడలు ఆగే సాంత కతలీనా నుంచి త్రియానా సుమారు మూడు కిలోమీటర్లు. ఊళ్లో తిరిగే పసుపు బస్సుల్లో 1 నంబరు బస్సు పెరెజ్ గాల్దోస్ థియేటర్ దాకా వస్తుంది. బస్సుని అక్కడ గ్వాగ్వా అంటారు. అమ్మగారికి ఇబ్బందైతే టాక్సీ ఎక్కండి, ఖరీదు కాదు. ఇంకొకటి, కనారీ దీవుల టైము స్పెయిన్ టైము కన్నా ఒక గంట వెనక. ఓడలో ఏ టైము పాటిస్తున్నారో దిగే ముందే కనుక్కుని, తిరిగి ఎక్కాల్సిన గంట ఆ లెక్కన చూసుకోండి.