పాత ట్రాన్సిస్టర్: కరెంటు మీద మోత, వాల్యూమ్ తిప్పితే గరగర

అంతర్వేది దగ్గర మీ ఇంట్లో నాన్నగారి ట్రాన్సిస్టర్ రేడియో కరెంటు మీద పెడితే ఒకటే మోత, వాల్యూమ్ తిప్పితే గరగర అని రాశారు కదండీ. ఇవి రెండూ వేరువేరు జబ్బులు.

బ్యాటరీల మీద మోత లేదన్నారు కాబట్టి అనుమానం మొత్తం ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుండే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ (కరెంటులోని ఎగుడుదిగుళ్లని చదును చేసే భాగం) మీదే. ఏళ్లు గడిచేకొద్దీ దాని లోపలి ద్రవం ఎండిపోతుంది. అప్పుడు డయోడ్లు (ఏసీని డీసీగా మార్చే భాగాలు) దాటొచ్చిన కరెంటు చదును కాక, 100 హెర్ట్‌జ్ మోతగా స్పీకర్లోకి వచ్చేస్తుంది. పైన ఉబ్బకపోయినా మార్చేయండి. పాతదాని మీద 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులు అనుంటే అదే వేయండి. 25 వోల్టులదైనా పర్వాలేదు, తక్కువది మాత్రం వద్దు. చార ఉన్న వైపు కాలు నెగటివ్. తిరగేసి సోల్డర్ చేస్తే పేలిపోగలదు, జాగ్రత్త. ప్లగ్ పీకాకే మూత విప్పండి, దయచేసి.

గరగరకి వాల్యూమ్ కంట్రోల్ లోపలికి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే (కరెంటు భాగాల మురికి తీసేది) కొంచెం కొట్టి, నాబ్ అటూ ఇటూ బాగా తిప్పితే చాలు. కొబ్బరినూనె వేయకండి, జిడ్డుకి దుమ్ము ఇంకా పడుతుంది. మీది ఉప్పుగాలి కదా, సెల్స్ స్ప్రింగులకి చిలుము పట్టిందేమో చూసి గరుకు కాగితంతో రుద్దండి.

అంతా అయ్యాక మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్‌జ్ దగ్గర విజయవాడ రేడియో కేంద్రం పెట్టి చూడండి. మోత ఇంకా ఉంటే బోర్డు ఫోటో పెట్టండి, చూస్తాను.