బెంచి చివర కూర్చున్న కుర్రాణ్ణి చూడు

చిరంజీవి సాయికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న అక్క ఫోన్ చేసింది. నీతో ఇక్కడి అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ కోచ్‌లు ఇద్దరు మాట్లాడుతున్నారట, ఇంట్లో రోజూ అదే చర్చట, మీ నాన్న కాలేజీ ఆటల మూడు స్థాయిల్లో పైదైన డివిజన్ వన్ తప్ప ఇంకో మాట వద్దంటున్నాడట. మా వాడు, నీ వంశీ బావ విషయంలో నేనూ అదే పట్టు పట్టాను. దాని వల్ల వాడు ఎంత నలిగాడో నాకు తెలుసు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

వంశీ లెవెన్త్ గ్రేడ్‌లో ఉండగా ఒక డివిజన్ వన్ కాలేజీ అసిస్టెంట్ కోచ్ ఫోన్‌లో "నీకు ఆఫర్ ఇస్తున్నాం" అన్నాడు. మేం ఊరంతా చెప్పుకున్నాం, గుళ్లో అర్చన చేయించాం, మిగతా కోచ్‌ల మెసేజ్‌లకు జవాబివ్వడం మానేశాం. ఏప్రిల్‌లో హెడ్ కోచ్ వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. అసిస్టెంట్లు తలోదిక్కు అయిపోయారు. కొత్తగా వచ్చినాయన మా ఫోన్ ఎత్తనే లేదు. నోటిమాట ఆఫర్ అంతేరా. కాగితం చేతికొచ్చి సంతకాలు అయ్యేదాకా ఎవరికీ తలుపు మూయకు. కాగితం వచ్చాక కూడా స్కాలర్‌షిప్ ఎన్నేళ్లకో చదువు. చాలా చోట్ల ఒక్క ఏడాదికే రాస్తారు, ఏటా రెన్యూ కావాలి.

ఇప్పుడు కాలం ఇంకా కష్టంగా ఉంది. 2024 నుంచి చదువు సరిగ్గా ఉన్న ఆటగాడు ఎన్నిసార్లు కాలేజీ మారినా వెంటనే ఆడొచ్చు. దాంతో కోచ్‌లు హైస్కూల్ పిల్లల కన్నా ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో) ఉన్న ఇరవై రెండేళ్ల వాళ్లనే ముందు చూస్తున్నారు. పైగా ఆటగాళ్లకు కాలేజీలు డబ్బు ఇవ్వడం గురించి 2025లో కుదిరిన కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో బాస్కెట్‌బాల్ జట్టు 15 మందికి మించకూడదు. స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరే వాళ్లకు చోటు తగ్గింది. నీకు పెద్ద ఆఫర్లు రాకపోతే నీ ఆటలో లోపం ఉందనుకోకు. వాళ్ల లెక్కలు మారిపోయాయి.

డివిజన్ త్రీ అంటే మీ నాన్న మన థర్డ్ క్లాస్ పాస్ లాంటిదనుకుంటున్నట్టున్నాడు. ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో ఆడేది అక్కడే. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు, చదువును, ఇంటి ఆదాయాన్ని చూసి సాయం చేస్తారు. డివిజన్ వన్‌లో ఉన్నా హార్వర్డ్, మిగతా ఐవీ లీగ్ కాలేజీలూ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఇంటి ఆదాయాన్ని చూసే సాయం చేస్తాయి. జెరెమీ లిన్ హార్వర్డ్‌లో ఆడే ఎన్‌బీఏకి వెళ్లాడు. డంకన్ రాబిన్సన్ విలియమ్స్ అనే డివిజన్ త్రీ కాలేజీలో ఒక ఏడాది ఆడి, మిషిగన్‌కు మారి, మయామి తరఫున ఎన్‌బీఏ ఫైనల్స్ దాకా వెళ్లాడు. నువ్వూ అలా అవుతావని కాదు. హైస్కూల్లో ఆడే వాళ్లలో నూటికి నలుగురు కూడా ఎన్‌సీఏఏ (ఈ మూడు డివిజన్లనూ నడిపే సంఘం) కాలేజీల్లో ఆడరు. ఆ నలుగురిలో ఉండటమే పెద్ద విషయమని మీ నాన్నకు చెప్పు.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఏం చూడాలో చెప్తాను. ఒకచోట వంశీకి లాకర్ మీద పేరు రాసి, జెర్సీ తొడిగి ఫొటోలు తీశారు. మంచి హోటల్లో భోజనం పెట్టారు. ప్రాక్టీస్‌లో మాత్రం బెంచి చివరి ముగ్గురితో రెండు గంటల్లో ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. వాక్-ఆన్‌గా వెళ్తే వంశీ కూర్చోవాల్సింది ఆ ముగ్గురి పక్కనే.

తర్వాత ఒహాయోలో ఒక చిన్న కాలేజీకి వెళ్లాం. పాత జిమ్, చెక్క మెట్ల మీద కూర్చున్నాం. ప్రాక్టీస్ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. బెంచి చివరి కుర్రాడొకడు మూల నుంచి త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేస్తుంటే, అసిస్టెంట్ కోచ్ ఒక్కడే పరిగెత్తి బంతి అందిస్తున్నాడు. పోయిన ప్రతి బంతికీ వెళ్లి ఆ పిల్లాడి మోచెయ్యి పట్టుకుని సరిచేసి వస్తున్నాడు. ఇరవై నిమిషాలు అలాగే సాగింది. చెమట తుడుచుకుంటుంటే ఆ పిల్లాణ్ణి అడిగాను, ఈ సీజన్‌లో ఎంతసేపు ఆడావని. "మొత్తం కలిపి పదకొండు నిమిషాలు అంకుల్, వచ్చే ఏడాది ఆడతాను" అన్నాడు. వంశీ నా వైపు చూశాడు. అక్కడే చేరాడు, మూడో ఏట నుంచి మొదటి ఐదుగురిలో ఆడాడు.

వెళ్లే ముందు ఆ రెండు కాలేజీలవీ గత మూడేళ్ల రోస్టర్లు (జట్టు జాబితాలు) పక్కపక్కన పెట్టుకో. నీ పొజిషన్‌లో ఎంతమంది ఉన్నారు, ఏ ఇయర్‌లో ఉన్నారు, మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు, వాళ్ల స్థానంలో తెచ్చింది హైస్కూల్ పిల్లల్నా, పోర్టల్ వాళ్లనా చూడు. టీమ్‌లో ఇంజినీరింగ్ చదివే వాడు ఒక్కడైనా ఉంటే వాడితో మాట్లాడు. డివిజన్ వన్‌లో సీజన్‌లో ఆటకు వారానికి 20 గంటలే అని రూలు ఉంది గానీ ప్రయాణాలు, ఫిజియో ఆ లెక్కలోకి రావు. మధ్యాహ్నం ల్యాబూ ప్రాక్టీసూ ఒకే టైముకు పడితే కోచ్ ఏమంటాడో వాడే చెప్తాడు. డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ముఖ్య సబ్జెక్టులు), 2.3 జీపీఏ ఉండాలనే రూలు గురించి నీకు టెన్షన్ అక్కర్లేదు.

ఇంకో సంగతి, ఇది అందరికన్నా మన ఇళ్లలోనే ఎక్కువ తగులుతుంది. నువ్వింకా హెచ్-4 (అమ్మానాన్నల వర్క్ వీసా మీద ఆధారపడ్డ వీసా) మీద ఉన్నావు. ఎన్‌ఐఎల్ (ఆటగాడి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు) పేరుతో ఎవరైనా డబ్బు ఇస్తామంటే, వంద డాలర్లైనా సరే, ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ముట్టుకోకు. హెచ్-4లో పనిచేసే హక్కు నీకు లేదు. ఇరవయ్యొకటి నిండేలోపు గ్రీన్‌కార్డు రాకపోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి, అక్కడా ఆంక్షలు ఉన్నాయి. ఫెడరల్ ఎయిడ్ (ప్రభుత్వం చదువుకు ఇచ్చే సాయం) కూడా రాదు. కాలేజీ తన సొంత నిధుల నుంచి నీలాంటి వాళ్లకు సాయం చేస్తుందా అని కోచ్‌ను కాదు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసునే అడిగి, ఈమెయిల్లో జవాబు తీసుకో.

అక్కకు ఒకటి ముందే చెప్పి ఉంచు. సీజన్ నవంబర్‌లో మొదలై మార్చి దాకా నడుస్తుంది. క్రిస్మస్ సెలవుల్లో నువ్వు ఇంట్లో ఉండేది కొద్ది రోజులే.

వచ్చే శనివారం మీ ఊరు ఫ్రిస్కో వస్తున్నాను. రోస్టర్లు ప్రింట్ తీసి ఉంచు, నాన్ననూ కూర్చోబెడదాం. వంశీ కూడా సాయంత్రం వీడియో కాల్‌లోకి వస్తానన్నాడు.

ప్రేమతో,
మామయ్య