ఎ పెట్టాలా, యాన్ పెట్టాలా?

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంగ్లీషులో యూనివర్సిటీ ముందు 'ఎ' (a) ఎందుకు, అవర్ (గంట) ముందు 'యాన్' (an) ఎందుకు, ఈ మినహాయింపులన్నీ ఒక లిస్టు రాసి పంపితే బట్టీ పట్టేస్తానన్నావు. లిస్టు పంపను. మినహాయింపులంటూ ఉంటే కదా పంపడానికి! బళ్ళో ఏ, ఈ, ఐ, ఓ, యూ అని ఐదక్షరాలు చెప్పి, వాటి ముందు యాన్ పెట్టమన్నారు చూడు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఐదూ అక్షరాలు. ఎ, యాన్‌లకు కావలసింది అక్షరం కాదు, శబ్దం. మాట ఎలా రాశారన్నది వదిలెయ్, నోట్లోంచి మొదట ఏం బయటికొస్తోందో చూడు. అచ్చు శబ్దం వస్తే యాన్, హల్లు శబ్దం వస్తే ఎ. ఇంకేమీ లేదు.

ఈ విషయంలో ఇంగ్లీషు పిల్లలకు లేని సౌకర్యం మనకుంది. వాళ్ళ లిపిలో రాత ఒకటి, పలుకుబడి ఒకటి. మన లిపిలో పలికిందే రాస్తాం. అందుకని అనుమానం వచ్చినప్పుడల్లా ఆ మాటను తెలుగులో రాసి చూడు. యూనివర్సిటీ: మొదటి అక్షరం య, హల్లు, కాబట్టి ఎ. అవర్: మొదటి అక్షరం అ, కాబట్టి యాన్. ఇంగ్లీషులో రెండూ యూ అక్షరంతోనే మొదలయ్యే అంకుల్, యూనిఫామ్ తెలుగులోకి రాగానే విడిపోతాయి. యాన్ అంకుల్, ఎ యూనిఫామ్. యాన్ అర్జెంట్ మీటింగ్, ఎ యూజర్. యాన్ అప్‌డేట్, ఎ యునీక్ ఐడియా. యూరోపియన్ ఇంగ్లీషులో 'ఈ' (E) అక్షరంతో మొదలైనా నోటికి య, కాబట్టి ఎ. వన్-వే రోడ్డులో వన్ 'ఓ' (O) అక్షరంతో మొదలైనా నోటికి వ, కాబట్టి ఎ. ఆనెస్ట్, ఆనర్, ఎయిర్ (వారసుడు అనే అర్థంలో) ఇంగ్లీషులో హెచ్‌తో మొదలైనా ఆ హెచ్ పలకదు, కాబట్టి యాన్. కొందరు దీన్ని హెయిర్ అని చదువుతారు. అలా చదివితే జుట్టయిపోతుంది, ముందు ఎ కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడే ఉంది అసలు మెలిక. తెలుగులో రాసేది సరైన ఉచ్చారణ అయితేనే ఈ కిటుకు పనిచేస్తుంది. మన నోటికి రెండు అలవాట్లున్నాయి, రెండూ ముంచుతాయి. ఒకటి, లేని చోట య తగిలించడం. ఎగ్‌ను యెగ్ అంటాం, ఎండ్‌ను యెండ్ అంటాం. ఇంటిపేర్ల పొడి అక్షరాలు చూడు, యమ్, యన్, యల్, యస్ అని రాసుకునేవాళ్ళు ఎంతమందో! ఆ చెవితో వింటే అవన్నీ హల్లుల్లాగే ఉంటాయి, 'ఎ ఎగ్' అని రాసినా తప్పనిపించదు. రెండోది దీనికి తలకిందులు, ఉన్న య, వలను మింగేయడం. సంవత్సరానికి ఇంగ్లీషు మాటను మనమంతా ఇయర్ అనే అంటాం, చెవికి కూడా ఇయర్ అనే అంటాం. ఇంగ్లీషువాళ్ళకు ఆ రెండూ వేరు. సంవత్సరంలో ముందు ఒక చిన్న య ఉంది, యియర్ అన్నట్టు. కాబట్టి చెవికి యాన్, సంవత్సరానికి ఎ. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా 'యాన్ ఇయర్' అని రాసేది ఇందుకే. పిండి పులియబెట్టే ఈస్ట్‌కూ అంతే, అందులోనూ ముందు య ఉంది. వుమన్‌ను ఉమన్ అంటాం, వుల్‌ను ఊల్ అంటాం. వాటిలో వ ఉంది, కాబట్టి ఎ వుమన్, ఎ వుల్ షాల్. ఇలాంటి మాట తగిలితే డిక్షనరీలో ఉచ్చారణ గుర్తులు చూడు. మొదట జె అక్షరం కనిపిస్తే అది జ కాదు, య శబ్దానికి గుర్తు. ఆ ఒక్కటి తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి.

అసలు ఈ రెండు రూపాలు ఎందుకంటావా? అచ్చు పక్కన అచ్చు వస్తే నోరు తడబడుతుంది. 'మా అమ్మ' మనకు మాయమ్మ కావడం అందుకే, మధ్యలో యకారం తెచ్చుకుని సర్దుకున్నాం. ఇంగ్లీషులో ఆ పని నకారం చేస్తుంది. కాకపోతే అక్కడ కథ ఎదురు దిశలో నడిచింది. పాత ఇంగ్లీషులో మొదట ఉన్నది నకారంతో కూడిన రూపమే, అర్థం 'ఒకటి'. హల్లుల ముందు ఆ నకారం రాలిపోగా ఎ మిగిలింది. ఆ నకారం ఎటు అతుక్కుందో జనానికే తెలియకపోయేది. ఏప్రన్, అంపైర్ ఒకప్పుడు నకారంతో మొదలైన మాటలే. ముందు ఎ పెట్టి గబగబా అనగా అనగా ఆ న ఇవతలికి జారి యాన్ అయిపోయింది. ఇది పరీక్షకు రాదులే, సరదాకి చెప్పాను.

నీకు ఉద్యోగంలో రోజూ తగిలేవి పొడి అక్షరాలు. ఇక్కడ కూడా పేరు పలికి చూడు. ఎంబీఏలో మొదటి అక్షరం ఇంగ్లీషులో హల్లే, కానీ దాని పేరు ఎమ్, అచ్చుతో మొదలవుతుంది. కాబట్టి యాన్ ఎంబీఏ, యాన్ ఎక్స్‌రే, యాన్ ఎస్ఎంఎస్, యాన్ ఎల్ఈడీ బల్బు, యాన్ ఎఫ్ఎమ్ రేడియో. అదే యూఆర్ఎల్, యూఎస్‌బీ అయితే ఎ. పీడీఎఫ్, పీహెచ్‌డీ ముందు కూడా ఎ. ఇంగ్లీషు 26 అక్షరాల్లో 12 అక్షరాల పేర్లు అచ్చు శబ్దంతో మొదలవుతాయి. ఏ, ఈ, ఐ, ఓ సరే. వాటితో పాటు ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఆర్, ఎస్, ఎక్స్, ఇంకా హెచ్. హెచ్ అని మనం అంటాం గానీ డిక్షనరీలు ముందుగా ఇచ్చే ఉచ్చారణ ఎయిచ్. రాతలో దాన్నే పట్టుకో, హెచ్ఆర్ మేనేజర్‌కు యాన్ పెట్టు. పొడి అక్షరాల్ని విడివిడిగా కాక ఒకే మాటగా చదివితే లెక్క మారుతుంది. నాసా సైంటిస్టుకు ఎ, ఎన్‌జీవోకు యాన్. డేటాబేస్‌లకు వాడే కంప్యూటర్ భాషను ఎస్‌క్యూఎల్ అని అక్షరాలు పలికేవాళ్ళు యాన్ రాస్తారు, సీక్వెల్ అని పలికేవాళ్ళు ఎ రాస్తారు. రెండూ ఒప్పే. మీ టీమ్ ఎలా పలుకుతుందో అలా రాయి, ఒకే డాక్యుమెంట్లో రెండూ కలపకు.

అంకెలకూ ఇదే దారి. 8, 11, 18, ఇంకా ఎయిటీ, ఎయిట్ హండ్రెడ్ అంటూ మొదలయ్యేవన్నీ యాన్. మిగతావి ఎ. 1 కూడా వన్ కాబట్టి ఎ.

మరో సంగతి. చూడాల్సింది ఆనుకుని ఉన్న మాటను, వెనకాల ఉన్న నామవాచకాన్ని కాదు. యాన్ యాపిల్, కానీ ఎ రెడ్ యాపిల్. ఎ యూనిఫామ్, కానీ యాన్ ఓల్డ్ యూనిఫామ్. రాసేశాక తొందరలో మధ్యలో విశేషణం చేర్చినప్పుడు ముందున్న ఎ మార్చడం మర్చిపోతాం. మెయిల్ పంపేముందు చూడాల్సింది అదే.

పుస్తకాల్లో 'యాన్ హిస్టారిక్' కనిపిస్తే కంగారు పడకు, అది పాత వాడుక. ఇప్పుడు ఎక్కువమంది ఎ రాస్తున్నారు, నువ్వూ అదే రాయి. అమెరికన్లు హెర్బ్‌ను అర్బ్ అంటారు, కాబట్టి వాళ్ళది యాన్. బ్రిటిష్‌వాళ్ళు హెర్బ్ అంటారు, ఎ పెడతారు.

నువ్వు పంపిన మెయిల్ చూశాను. 'యాన్ యూజర్'ను ఎ చెయ్యి. 'ఎ హెచ్‌టీఎమ్ఎల్ పేజీ'ని యాన్ చెయ్యి. చివర్లో 'యాన్ అడ్వైస్' అన్నావు. అచ్చు ముందు యాన్ పెట్టావు, బాగానే ఉంది, కానీ అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ లాంటి లెక్కపెట్టలేని మాటల ముందు రెండూ రావు. 'సమ్ అడ్వైస్' అని రాసి పంపెయ్.

ఇట్లు,
మీ పెద్దనాన్న