పాత డర్ట్ బైక్: మెరుపు వెనుక ఏముంది?

ప్రశ్న: ఒకాయన తాను వాడిన 250 సీసీ ఫోర్ స్ట్రోక్ డర్ట్ బైక్‌ను (మట్టి దారుల్లో నడిపే బండిని) అమ్ముతానంటున్నారు. చూడటానికి కొత్తదానిలా మెరుస్తోంది. మెకానిక్ తోడు లేకుండా ఇంజిన్ పరిస్థితిని కొంతైనా తెలుసుకోగలనా?

జవాబు: తెలుసుకోవచ్చు. మీరు వచ్చేలోగా బండిని స్టార్ట్ చేయవద్దని ఆయనకు ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్‌పై చేయి ఆనించినప్పుడు అది వెచ్చగా ఉంటే, చల్లని స్థితిలో మొరాయించే బండేమోనని అనుమానించవలసిందే. స్టార్ట్ అయ్యాక నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలిపోతున్నదని అర్థం.

అన్నిటికన్నా ఎక్కువ నిజం చెప్పేది ఎయిర్ ఫిల్టర్. దాన్ని బయటికి తీయించి, ఇంజిన్ వైపు వెళ్లే గొట్టం లోపలి గోడను శుభ్రమైన గుడ్డతో తుడవండి. గుడ్డకు ఇసుక అంటితే, ఆ ధూళి పిస్టన్‌నూ సిలిండర్‌నూ అరగదీసి ఉండవచ్చని, పైకి ఎంత కడిగి తుడిచినా ఆ నష్టం పోదని గ్రహించాలి.

పోటీల కోసం తయారైన బండ్ల వాడకాన్ని సాధారణంగా కిలోమీటర్లలో కాక ఇంజిన్ నడిచిన గంటల్లో లెక్కిస్తారు. కనుక ఎన్ని గంటలు నడిచిందో, పిస్టన్ ఎప్పుడు మార్చారో అడిగి రసీదులు చూడండి. రసీదు లేని జ్ఞాపకాన్ని నేనైతే లెక్కలోకి తీసుకోను. బండిని స్టాండుపై లేపి వెనుక చక్రాన్ని అటూ ఇటూ ఊపితే బేరింగుల అరుగుదల తెలుస్తుంది.

ఫ్రేమ్‌పై ఉన్న నంబరు పత్రాల్లోని నంబరుతో సరిపోలకపోయినా, దాన్ని గీకినట్టు కనిపించినా, ధర ఎంత తక్కువైనా బేరం మానుకోండి.