ముడులా, కణుపులా?

సందేహం: కొత్తగా పుడుతున్న నక్షత్రాల నుంచి చిమ్మే వాయుధారల్లో అక్కడక్కడా మెరిసే ముద్దలు కనిపిస్తాయి. క్లాసులో వాటిని ‘ముడులు’ అన్నాను. తోటి టీచరు ‘గ్రంథులు’ అనాలన్నారు. ఏది సరైనది?
– ఒక టీచరు, మల్కాజిగిరి, హైదరాబాద్

సమాధానం: ఇంగ్లీషులో ‘నాట్’ అన్నారని మనం వెంటనే ముడి అనెయ్యడమేనా అమ్మా? ముడి పడాలంటే పోగుండాలి, అది మెలి తిరగాలి. అక్కడ పోగూ లేదు, మెలీ లేదు. నక్షత్రం చుట్టూ తిరిగే పళ్ళెం లాంటి వాయురాశి నుంచి దానిమీదికి పదార్థం ఎప్పుడూ ఒకే తీరుగా పడదు. అందుకే చిమ్మే వేగమూ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. వెనక బయల్దేరిన వడిగల వాయువు ముందుపోయిన నెమ్మది వాయువును తరుముకెళ్ళి గుద్దుకుంటుంది. ఆ చోట కుక్కుకుపోయి, వేడెక్కి, వెలుగుతుంది.

గ్రంథి మంచి మాటే గానీ, ఇప్పుడు పిల్లలకు థైరాయిడే గుర్తొస్తుంది.

నేనైతే కణుపు అంటాను. కోఠిలో చెరకురసం బండి దగ్గర కాసేపు నిలబడండి. గడ చెక్కే కత్తి కణుపు దగ్గర ఆగుతుంది, అక్కడ రెండుసార్లు ఎక్కువ గీస్తారు. గడ అదే, ఆ చోట మాత్రం గట్టిపడింది.

ఈ కణుపే సంస్కృతంలో పర్వం. అమరకోశం గ్రంథి, పర్వం, పరుస్సు మూడింటినీ ఒకేచోట కణుపు పేర్లుగా చెప్పింది. పక్షాలు కలిసే పున్నమి, అమావాస్యలు కాలానికి కణుపులు, కనుక అవీ పర్వాలే. మన పబ్బం అందులోంచే వచ్చింది. కణుపులున్నది పర్వతం. భారతమంటే పద్దెనిమిది కణుపుల గడ! నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, తిక్కన ఆ సగంలో చెయ్యి పెట్టకుండా విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు చెప్పాడు. మిగిలింది తర్వాత ఎఱ్ఱన పూరించాడు. ఎక్కడ అందుకోవాలో తెలిసిన కవి తిక్కన, సరిగ్గా కణుపు దగ్గరే అందుకున్నాడు. ఇంత చక్కటి మాటను పేపర్లూ టీవీలూ ‘నామినేషన్ల పర్వం’, ‘రాజీనామాల పర్వం’ అని అరగదీస్తుంటే బాధేస్తుంది. వరసగా జరిగే ప్రతిదీ పర్వం కాదు.

ఓరియన్ నక్షత్రమండలంలో హెచ్‌హెచ్ 212 అనే ధార ఉంది. దాని ఫొటోలో నక్షత్రానికి అటూ ఇటూ కణుపులు జంటలుగా, దాదాపు సమదూరంలో కనిపిస్తాయి. అంటే ఆ లయ పుట్టినచోటే ఉందన్నమాట.

అయితే చెరకు కణుపు కదలదు, ఇవి సెకనుకు వంద కిలోమీటర్లకు పైగా పరుగెడతాయి. కొన్ని ధారల్లో అయస్కాంత క్షేత్రం మెలిపడి నొక్కడం వల్ల కూడా ఇవి ఏర్పడవచ్చనే శాస్త్రజ్ఞులున్నారు. అలాంటిచోట మీరు ముడి అన్నా నేను కాదనలేను.