ఆర్ఎక్స్ కొన్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు యమహా ఆర్ఎక్స్ 100 బండి కొన్నావట, 1995 మోడల్. సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజన్ ఆగిపోతోందట. ఒక్కోసారి యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ రేసింగ్ తగ్గడం లేదట. పెట్రోలూ గాలీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్‌ని ఆదివారం నువ్వే విప్పుతావట, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఏలూరు దాకా దాని మీదే వస్తావట. ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి "వాడికి నువ్వే ఏదో ఒకటి చెప్పరా" అంది అక్క. నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

నీ బండి నువ్వే విప్పుకుంటాననడం నాకు గర్వంగా ఉందిరా. 2020 ఏప్రిల్లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లన్నీ దాదాపు కార్బరేటర్ లేని ఇంజెక్షన్‌వే. నా మెకానిక్ షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లకి కార్బరేటర్ విప్పే అవకాశమే తగ్గిపోయింది. మన ఇంట్లో ఒకడికి దాని మీద మనసు పడిందంటే నాకు సంతోషమే. కానీ నీ బండికున్న రెండో జబ్బు వినగానే గుండె జారింది. అది ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు తేలిక పనులు. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోయించు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి కడుగు. స్పార్క్ ప్లగ్గు విప్పి రంగు చూడు: తడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలినట్టుంటే గాలి ఎక్కువ, కాఫీపొడి రంగులో ఉంటే బాగున్నట్టు. చోక్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూసుకో. ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పు, రేసింగ్ పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకున్నట్టే.

కార్బరేటర్ విప్పేటప్పుడు పెట్రోలు ట్యాప్ కట్టెయ్. పని బయట చెయ్యి, ఫ్లాట్ బాల్కనీలో వద్దు. దేవుడి దగ్గర దీపం వెలుగుతున్న ఇంట్లోకి ఆ పెట్రోలు గిన్నె తీసుకెళ్లావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను.

సిగ్నల్ దగ్గర ఆగిపోతోందంటే కార్బరేటర్లో పైలట్ జెట్, అంటే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క, మూసుకుపోయి ఉండొచ్చు. స్లోలో ఇంజన్ బతికేది ఆ జెట్ నుంచి వచ్చే పెట్రోలు మీదే. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు, రంధ్రం గుండ్రంగా కనబడాలి. క్లీనర్ కొట్టి, గాలి పట్టించు. పిన్నీసుతో పొడవకు. ఇత్తడి మెత్తన, గీత పడి రంధ్రం పెద్దదైతే ఎంత ట్యూనింగ్ చేసినా కుదరదు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమని పీల్చుకుంటుంది. రెండు వారాలు బండి తియ్యవనుకుంటే ట్యాప్ కట్టి, కార్బరేటర్ గిన్నె కింది స్క్రూ వదిలి ఖాళీ చేసిపెట్టు.

ఇక ట్యూనింగ్. పది నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాకే మొదలుపెట్టు. కార్బరేటర్‌కి గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూ లోపలికి తిప్పుతూ వెళ్లి, తగిలీ తగలగానే ఆపు. బిగించావా, దాని మొన పాడైపోతుంది. అక్కణ్నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి వదులు. ఈ బండికి లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. స్లో వేగం సరిచేసే ఐడిలింగ్ స్క్రూతో రేసింగ్ కొంచెం పెంచుకుని, ఎయిర్ స్క్రూని పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పు. ఒక్కోసారి తిప్పాక కాసేపు ఆగి విను. ఇంజన్ ఎక్కడ హాయిగా, పరుగు మీద పలుకుతుందో అక్కడ వదిలేసి, ఐడిలింగ్ తగ్గించుకో. ఎయిర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజన్‌కి పట్టనట్టుంటే జెట్ ఇంకా శుభ్రం కాలేదన్నమాట, లేదా గాలి ఇంకెక్కడి నుంచో వస్తోందన్నమాట.

ఆ రెండో మాట దగ్గరే నాకు భయం.

మీ నాన్న పీట మీద కూర్చోలేడని నీకు తెలుసు. ఎడమ మోకాలు మడవడు. కుక్క అడ్డొచ్చి పడ్డానని ఇంట్లో చెప్పాడు, నువ్వూ అదే విని పెరిగావు. కుక్క లేదురా, ఏమీ లేదు. అది నేను చేసిన పని.

1996. నాకు ఇరవై నాలుగేళ్లు, షెడ్డు పెట్టి ఏడాది కాలేదు. బావ బండీ ఆర్ఎక్సే. పెళ్లైన కొత్త. వారం నుంచి యాక్సిలరేటర్ వదిలినా రేసింగ్ దిగడం లేదని తీసుకొచ్చాడు. నా ముందు నలుగురు నిలబడి ఉన్నారు, బావ ముందు నా పనితనం చూపించాలి. రెండు నిమిషాల్లో తేల్చేశాను. ఎయిర్ స్క్రూ లోపలికి తిప్పాను, ఐడిలింగ్ స్క్రూ బాగా తగ్గించాను. బండి బుద్ధిగా టక్ టక్‌మని స్లోలో నిలబడింది. "చెయ్యంటే నీదేరా" అన్నాడు బావ. ఎంత పొంగిపోయానో.

రేసింగ్ ఎందుకు దిగడం లేదని నన్ను నేను అడగలేదు. కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బర్ జాయింట్ అడుగున పగిలింది. అక్కణ్నుంచి దొంగగాలి దూరుతోంది. గాలి ఎక్కువై పెట్రోలు పలచబడితే ఇంజన్ విపరీతంగా వేడెక్కుతుంది. పైగా ఆర్ఎక్స్‌లాంటి టూ-స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్‌కి నూనె కూడా ఆ దారినే, పెట్రోలుతో కలిసే వెళ్లాలి. నేను స్క్రూలు తిప్పి స్లోలో మాత్రమే దాని నోరు నొక్కాను. నిండు యాక్సిలరేటర్లో ఆ పగులు పగులుగానే ఉంది.

సాయంత్రం తాడేపల్లిగూడెం బయల్దేరాడు. భీమడోలు దాటాక పిస్టన్ వేడికి సిలిండర్లో పట్టేసింది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కే లోపే రోడ్డు మీద ఉన్నాడు. వెనక లారీ లేదు, అంతే మన అదృష్టం. ఆ రోజు అక్క కూడా వెళ్లాల్సింది, తలనొప్పిగా ఉందని ఆగిపోయింది.

వారం తర్వాత ఒక్కణ్నే కూర్చుని ఇంజన్ విప్పాను. పిస్టన్‌కి సైలెన్సర్ వైపున పైనుంచి కిందికి గీతలు, గోరుతో రాస్తే తగులుతున్నాయి. జాయింట్ తీసి చేత్తో పట్టుకుంటే బాగానే ఉన్నట్టు కనబడింది. రెండు వేళ్లతో వంచాను. అడుగున నోరు తెరిచింది, లోపలి నుంచి నా బొటనవేలి గోరు కనబడింది. ఆసుపత్రికి వెళ్లి బావకి చెప్పేశాను. ఆయన కాసేపు ఊరుకుని, "మీ అక్కకి చెప్పకు. పుట్టింటి మీద మనసు విరుగుతుంది" అన్నాడు. ఆ మాట మీదే ఇన్నేళ్లు ఉన్నాను.

అందుకని, రేసింగ్ దిగకపోతే స్క్రూ ముట్టుకోకు. ముందు గాలి ఎక్కడ దూరుతోందో చూడు. ఇంజన్ స్లోలో ఉండగా సిరంజితో సబ్బునీళ్లు జాయింట్ చుట్టూ, క్లాంప్ దగ్గర కొద్దికొద్దిగా కొట్టు. శబ్దం మారిందంటే దొంగ దొరికినట్టే. వీడియోల్లో క్లీనర్ స్ప్రే కొడతారు, వేడి ఇంజన్ మీద అది అంటుకుంటుంది, వద్దు. జాయింట్ బాగుంటే ఎడమ వైపు మ్యాగ్నెట్ వెనకున్న ఆయిల్ సీల్ మీద అనుమానపడు. అది నీవల్ల కాదు, ఇంజన్ తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్లు. యాక్సిలరేటర్ కేబుల్ ఏమాత్రం కదిపినా, ఇంజన్‌కి నూనె అందించే ఆయిల్ పంపు మీది గుర్తులు సరిపోయాయో లేదో చూసుకో. మొదటి ట్యాంకు పెట్రోల్లో కొంచెం టూ-టీ ఆయిల్, అదే టూ-స్ట్రోక్ నూనె, కలిపే పోసుకో, పొగొస్తే రానీ. బండి మీద ఉన్నంతసేపూ రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండాలి. ఇంజన్ గొంతు ఏమాత్రం బిగిసినట్టు అనిపించినా నొక్కెయ్.

సంక్రాంతికి మాత్రం బస్సులో రారా. తిట్టుకున్నా సరే. వెయ్యి కిలోమీటర్లు ఊళ్లోనే తిప్పి, ప్లగ్గు రంగు నాకు ఫోటో పెట్టు, ఉగాదికి బండి మీద వద్దువుగాని. సూర్యాపేట దాకా నేనే ఎదురొస్తాను. మోకాలి సంగతి ఈ సంక్రాంతికి అక్కకి నేనే చెప్తాను, బావని అడిగాను, సరే అన్నాడు. అప్పటిదాకా నువ్వు బయటపెట్టకు.

రేపు పార్సిల్లో కొత్త జాయింట్, రెండు క్లాంపులు, స్క్రూ తలకి సరిగ్గా కూర్చునే నా స్క్రూడ్రైవరు పంపుతున్నా. ఆ డబ్బాలోనే గుడ్డలో చుట్టి పాత జాయింట్ కూడా ఉంటుంది. ఒకసారి వంచి చూసి, మళ్లీ నాకు పంపించెయ్.

ఆదివారం పదింటికి షెడ్డు మూసి ఫోన్ దగ్గరే కూర్చుంటాను. ఇంజన్ వేడెక్కాక స్పీకర్ పెట్టి ఫోన్ సీటు మీద ఉంచు. నువ్వేం మాట్లాడొద్దు, నన్ను విననీ.

మీ మావయ్య