కొత్త జాతిలో తొలి జీవికి జోడీ ఎవరు?

ప్రశ్న: ఒక జాతి నుంచి మరో జాతి పుడుతుందని చదివాను. అలా పుట్టిన మొట్టమొదటి జీవి దేనితో జతకట్టింది? పాత జాతితో కలిసి పిల్లల్ని కంటే అది కొత్త జాతే కాదు. కలవలేకపోతే దాని వంశం అక్కడే ఆగిపోవాలి కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ ప్రశ్నంటే నాకు చాలా ఇష్టం. జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో ఎవరైనా లేచి ఇది అడిగితే, పాఠం విని ఊరుకోకుండా దానితో కుస్తీ పడుతున్నారని సంతోషించేవాణ్ని.

మీ తర్కంలో పేచీ అంతా ‘మొట్టమొదటి జీవి’ దగ్గరే ఉంది. జంతువుల్లో సాధారణంగా అలాంటిది ఉండదు. మారేది మొత్తం గుంపు, అదీ తరతరాలుగా కొద్దికొద్దిగా. ఏ తరంలో చూసినా పిల్లది తల్లిదండ్రుల జాతే, తన గుంపులో జోడీ దొరుకుతూనే ఉంటుంది.

మరి అడ్డుగోడ ఎలా లేస్తుంది? ఒక గుంపు రెండుగా విడిపోయిందనుకోండి. ఒకవైపు ఒక జన్యువు మారింది. అక్కడి మిగతా జన్యువులతో పొసగింది కాబట్టే నిలిచింది. రెండోవైపు వేరే జన్యువు మారింది, అదీ తన చోట ఇబ్బంది పెట్టలేదు. కానీ ఈ రెండు మార్పులూ ఏనాడూ ఒకే శరీరంలో కలిసి పనిచేయలేదు. ఎంతో కాలానికి ఆ గుంపులు మళ్లీ కలిస్తే, సంకర పిండంలో అవి మొదటిసారి ఎదురుపడతాయి. పొసగకపోతే పిండం చనిపోతుంది, లేదా పుట్టిన బిడ్డకు సంతానం కలగదు. 1930లలో థియోడోసియస్ డోబ్‌జాన్‌స్కీ, ఆ తర్వాత హెర్మన్ ముల్లర్ అనే జన్యుశాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ ఇది. పరిణామశాస్త్రంలో ఇంత చక్కని ఆలోచనలు చాలా తక్కువని నా అభిప్రాయం. దారిలో ఏ తరమూ నష్టపోలేదు, అయినా గోడ లేచింది!

ఒక ఉదాహరణ చూడండి. దాదాపు 30 లక్షల ఏళ్ల క్రితం, రెండు అమెరికా ఖండాలను కలిపే సన్నని నేల పట్టీ, పనామా భూసంధి, పైకి తేలి సముద్రాన్ని రెండుగా చీల్చింది. పట్టుకారులాంటి ముందుకాలితో టప్పుమని చప్పుడు చేసే చిన్న రొయ్యలు అటూ ఇటూ మిగిలిపోయాయి. చూడటానికి కవలల్లా ఉండే ఈ రొయ్యలను జీవశాస్త్రవేత్త నాన్సీ నోల్టన్ బృందం ఒకచోట చేర్చి చూసింది. చాలావరకు అవి జతకట్టడానికి బదులు ఒకదానిపై ఒకటి కలబడ్డాయి.

సముద్రమో కొండో అడ్డుండాలనీ లేదు. అమెరికాలో హాథార్న్ అనే ముళ్ల చెట్టు కాయల మీద బతికే ఒక ఈగ, 19వ శతాబ్దం మధ్యలో, వలసవచ్చినవారు నాటిన ఆపిల్ చెట్లకూ పాకింది. ఈ ఈగలు కాయ మీదే జతకడతాయి. ఆపిల్ ముందుగా పండుతుంది కాబట్టి రెండు గుంపుల ముహూర్తాలూ వేరయ్యాయి. ఇప్పటికీ కొంత కలుస్తూనే ఉన్నాయి. సగం దారిలో ఉన్న విడిపోవడాన్ని మనం కళ్లారా చూస్తున్నామన్నమాట.

అయితే మొక్కల్లో కొన్నిసార్లు మీరు ఊహించిన ‘తొలి జీవి’ నిజంగానే ఉంటుంది. ఐరోపా నుంచి అమెరికాకు చేరిన ట్రాగోపోగాన్ అనే పూలమొక్కల జాతుల్లో 12 క్రోమోజోములు (జన్యువులను మోసే పోగులు) ఉంటాయి. వేర్వేరు జాతుల మధ్య పుట్టిన సంకర మొక్కలో ఆ క్రోమోజోములకు సరైన జతలు దొరకవు, గింజ సరిగా కట్టదు. ఎప్పుడో ఒకసారి అవి రెట్టింపై 24 అవుతాయి. అప్పుడు ప్రతిదానికీ జత ఉంటుంది. ఇలా వచ్చిన రెండు కొత్త జాతులను వృక్షశాస్త్రవేత్త మారియన్ ఓన్‌బే 1950లో వర్ణించాడు. వాటిలో తొలి మొక్కకు వేరే జోడీ అవసరం లేదు, తన పుప్పొడితో తానే గింజ కట్టగలదు. పాత జాతితో కలిస్తే మాత్రం బిడ్డకు 18 క్రోమోజోములొస్తాయి. మూడేసి చొప్పున ఉన్నవి జతలుగా సమంగా విడిపోలేవు కాబట్టి ఆ వంశం సాధారణంగా ముందుకు సాగదు.